పంటి నొప్పికి ఏ మాత్ర? అపోహలు - వాస్తవాలు

పంటి నొప్పితో నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది రాత్రంతా నిద్ర లేక, చేతికి దొరికిన మాత్ర ఏదో వేసుకునే వస్తారు. ఏం వేసుకున్నారో, ఎందుకు వేసుకున్నారో అడిగితే ఎప్పుడూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: యాంటీబయోటిక్ వేసుకుంటే నొప్పి పోతుంది.
పోదు. అది నొప్పి మాత్ర కాదు. పిప్పి లోతుగా దిగితే పంటి లోపలి నరం వాస్తుంది. చుట్టూ గట్టి గోడలే కాబట్టి ఆ వాపుకు చోటు ఉండదు, అందుకే అంత పోటు. ఆ వాపును యాంటీబయోటిక్ తగ్గించలేదు. చీము పట్టి ముఖం వాచి, జ్వరం వస్తే దాని అవసరం పడొచ్చు. అది డాక్టర్ చూసి చెప్పాల్సిన మాట.

అపోహ: మామూలు మాత్రలు చాలవు, బాగా పవర్ ఉన్నది కావాలి.
మామూలు నొప్పి మాత్రే అయిన ఐబుప్రొఫెన్, వాపును, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని తగ్గిస్తుంది. పంటి నొప్పికి మేం ముందు దాన్ని ఎంచుకునేది అందుకే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఏదైనా తిన్నాక 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్, దాంతోపాటు 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ వేసుకుంటే చాలామందికి బాగా ఉపశమనం దొరుకుతుంది. ఈ రెండూ పనిచేసే తీరు వేరు కాబట్టి కలిపి వాడొచ్చు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024 మార్గదర్శకాలు కూడా ఓపియాయిడ్ల (నల్లమందు తరహా బాగా పవర్ ఉన్న నొప్పి మందులు) కన్నా ముందు వీటినే వాడమంటున్నాయి.

కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, నొప్పి మాత్రలతో ఆయాసం వచ్చే ఆస్తమా రోగులు, గర్భిణులు మాత్రం ఐబుప్రొఫెన్ సొంతంగా వేసుకోకండి. పారాసెటమాల్‌కూ హద్దు ఉంది: పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు మించకూడదు. జలుబు మాత్రల్లోనూ అది ఉంటుంది, ఆ లెక్క మరిచిపోతే లివర్ దెబ్బతింటుంది.

అపోహ: ఆస్పిరిన్‌ను పంటి పక్కన పెట్టుకుంటే త్వరగా లాగేస్తుంది.
చిగురు కాలి తెల్లబడుతుంది, అంతే. ఇలా కాలిన చిగుళ్లు చూసినప్పుడల్లా బాధేస్తుంది. పిల్లలకైతే ఆస్పిరిన్ అసలే వద్దు, రేస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. లవంగ నూనెలోని యూజినాల్ కాసేపు తిమ్మిరి ఇస్తుంది గానీ, నేరుగా పోస్తే అదీ కాలుస్తుంది.

అపోహ: నొప్పి ఆగిపోయింది కాబట్టి పన్ను బాగైంది.
నరం చచ్చిపోయినా నొప్పి ఆగుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం వేరు కొస దాకా పాకుతూనే ఉంటుంది. కాబట్టి నొప్పి లేకపోయినా చూపించుకోండి. దవడ కింద వాపు వచ్చి, మింగడానికో ఊపిరి తీసుకోవడానికో కష్టమైతే ఇంకో మాత్ర కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.