టికి బార్లను కాపాడటమంటే మగ్గులు పోగేయడమేనా?

శనివారాలు నేనేం చేస్తానో చెబితే మనవాళ్లు నవ్వుతారు. 1950లు, 60ల నాటి అమెరికన్ టికి రెస్టారెంట్ల మెనూలు, అగ్గిపెట్టె అట్టలు, ఫొటోలు స్కాన్ చేసి వివరాలు రాసిపెడతాను. పైసా రాని పని. నాలాంటి వాలంటీర్లు ఇక్కడ అమెరికాలో చాలామందే ఉన్నారు. వెదురు గోడలు, చెక్క విగ్రహాలు, ఉబ్బిన చేప చర్మంతో చేసిన దీపాలు, రమ్ కలిపిన డ్రింకులు. ఇవన్నీ ఉన్న ఆ పాత బార్ల గురించి నన్ను ఎప్పుడూ అడిగేవి నాలుగే. ఆ నాలుగూ అపోహలే.

అపోహ: టికి అంటే పసిఫిక్ దీవుల ప్రాచీన సంస్కృతి.

మాట మాత్రం అక్కడిదే. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల కథల్లో మొదటి మనిషి పేరు టికి. మార్కెసస్ దీవుల్లో చెక్కే విగ్రహాలనూ అలాగే పిలుస్తారు. కానీ టికి బార్ పుట్టింది హాలీవుడ్‌లో. మద్యనిషేధం ఎత్తేసిన రోజుల్లో ఎర్నెస్ట్ గాంట్ అనే ఆయన తెరిచిన డాన్ ది బీచ్‌కోంబర్‌ అనే బార్‌తో ఈ కథ మొదలైంది. రమ్ కరీబియన్‌ది, తిండి ఎక్కువగా చైనీస్, విగ్రహాల నమూనాలు పసిఫిక్ దీవులవి, ఊహంతా అమెరికాది. అందుకే మా లేబుళ్లలో ఉత్తినే ‘పాలినేషియన్ విగ్రహం’ అని రాయం. ‘కాలిఫోర్నియాలో చెక్కినది, మావోరీ నమూనా’ అని రాస్తాం. తమకు పవిత్రమైన రూపం డ్రింకు మగ్గుగా మారిందని ఆ దీవులవాళ్లలో బాధపడేవాళ్లున్నారు. చెప్పుల మీద వినాయకుడి బొమ్మ కనిపిస్తే మనకెలా ఉంటుందో తెలుసు కదా. వాళ్ల బాధ కూడా రికార్డులో ఉండాలన్నది నా పట్టుదల. దీని మీద మాలో మాకే వాదనలు జరుగుతుంటాయి.

అపోహ: అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కితే ఇక కూల్చలేరు.

నేను ఈ పనిలోకి వచ్చిందే ఇది అబద్ధమని తెలిశాక. ఒహాయోలోని కొలంబస్‌లో కహికి అనే టికి సప్పర్ క్లబ్ (రాత్రి భోజనం, డ్రింకుల రెస్టారెంట్) ఉండేది. బిల్ శాప్, లీ హెన్రీ కట్టించిన ఆ భవనం 1961లో తెరుచుకుంది. పైకప్పు పెద్ద పడవలా లేచి ఉండేది, లోపల రాక్షసి మొహంలాంటి పొయ్యి. 1997లో జాతీయ జాబితాలో చేరింది. 2000లో నేలమట్టమైంది. ఇప్పుడక్కడ మందుల షాపు. సొంత డబ్బుతో సొంత భవనం కూల్చుకునే యజమానిని ఆ జాబితా ఆపలేదు. అది గౌరవమే తప్ప కాపలా కాదు. ఆపగలిగేవి చాలావరకు ఊరి స్థాయి నిబంధనలు, లేదంటే మొండిగా నిలబడే యజమాని.

శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక హోటల్ ఈత కొలను చుట్టూ కట్టిన టాంగా రూమ్ అనే టికి బార్ 1945 నుంచి నడుస్తోంది. బ్యాండువాళ్లు నీళ్ల మీద పడవలో తేలుతూ వాయిస్తారు, మధ్యమధ్యలో కృత్రిమ వాన. 2009లో హోటల్‌లో కొంతభాగాన్ని ఫ్లాట్లుగా మార్చే ప్లాన్ బయటికొస్తే అభిమానులు గోల చేశారు. ఆ గది ఇంకా ఉంది. ఫ్లోరిడాలోని మై-కై అనే టికి రెస్టారెంట్ సంగతి వేరు. 1956లో మొదలై, 2014లో జాబితాకెక్కిన చోటు. 2020లో పెద్ద వానకు కప్పు కూలింది. మళ్లీ తలుపులు తెరవడానికి నాలుగేళ్లు పట్టింది. కూల్చేవాళ్ల గురించే టెన్షన్ పడతాం కానీ, కారే కప్పు కూడా అంతే ప్రమాదం.

అపోహ: పాత డ్రింకుల రెసిపీలు అన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి.

గాంట్ తన సీసాల మీద సంకేతాలు మాత్రమే వేయించేవాడు. కలిపే బార్‌టెండర్‌కే అందులో ఏముందో తెలిసేది కాదు. గాంట్ డ్రింకుల్లో ఒకటైన జాంబీ అసలు రెసిపీ కోసం, టికి డ్రింకుల చరిత్ర వెతికే జెఫ్ బెర్రీ ఏళ్ల తరబడి తిరిగితే, చివరకు 1937 నాటి ఒక ఉద్యోగి జేబుపుస్తకంలో దారి దొరికింది. అందులోని ‘డాన్స్ మిక్స్’ (డాన్ మిశ్రమం) గ్రేప్‌ఫ్రూట్ రసంతో చేసేది. ద్రాక్షపండు రసం అనుకునేరు. గ్రేప్‌ఫ్రూట్ అంటే మన పంపరపనసకు దగ్గరి చుట్టం. దాని రసంలో దాల్చినచెక్క పాకం కలిపితే అదే ఆ రహస్యం! ఆ బార్లలో నిజంగా చెయ్యి తిరిగినవాళ్లలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. వాళ్లలో ఒకరైన రే బుయెన్ 1961లో లాస్ ఏంజెలెస్‌లో సొంతంగా టికి-టి పెట్టుకున్నాడు. మిగతావాళ్లలో చాలామంది పేర్లు మెనూల మీద ఎక్కడా ఉండవు. అందుకే వాళ్ల పిల్లల దగ్గరికెళ్లి ఆ జ్ఞాపకాలు రికార్డు చేసుకోవడమే నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పని.

అపోహ: పాత సామాను దొరికితే శుభ్రంగా తోమి పెట్టాలి.

దయచేసి వద్దు. మొదట్లో ఒక మెనూ మీద మరక పోవాలని తడిబట్టతో తుడిచాను. మరకతో పాటు రంగూ పోయింది. వెదురులోంచి సన్నటి పిండి రాలుతుంటే పుచ్చు పట్టిందని అర్థం. దాన్ని ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచితే పురుగు చస్తుంది. మగ్గు అడుగున ఏముందో మొదట చూడండి. ఓఎంసీ అని ఉంటే అది ఒటాగిరి కంపెనీది. ఆ గుర్తును గీకేయకండి.

అగ్గిపెట్టె అట్టల మీద సంవత్సరం ఉండదు. అయినా ఏ కాలానివో పట్టుకోవచ్చు. ఫోన్ నంబరు ముందు ఇంగ్లిష్ అక్షరాలుంటే అది పాత పద్ధతి, 1960ల నుంచి క్రమంగా పోయింది. చిరునామాలో జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) ఉంటే 1963 తర్వాతిదే, ఎందుకంటే ఆ ఏడాదే జిప్ కోడ్ మొదలైంది.

అమెరికాలో పాత ఇల్లు కొన్న మనవాళ్లకు గరాజ్‌లో ఇలాంటి పెట్టె దొరికితే పారేయకండి. ఎవరింట్లో దొరికిందో, వాళ్లు ఏం చెప్పారో ఒక కాగితం మీద రాసి పెట్టెలో వేయండి. వస్తువు మీదే రాయాల్సి వస్తే వెనకవైపు పెన్సిల్‌తో, అదీ మెల్లగా.