పారబోసిన రాతిలో మిగిలిన లోహం
ఏథెన్స్‌కు ఆగ్నేయంగా ఉన్న లారియం వెండి గనులు తన కాలానికే వట్టిపోయాయని, అయితే అక్కడివారు పాత లోహమలాన్నీ (లోహం కరిగించాక మిగిలే చిట్టాన్నీ) పారబోసిన రాతినీ మళ్లీ కొలిమిలో కరిగించి వెండి తీస్తున్నారని రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. పూర్వికులకు కొలిమి పని సరిగా రాకపోవడమే ఇందుకు కారణమని కూడా ఆయన తేల్చేశాడు. గని వ్యర్థాల నుంచి లోహాలను రాబట్టడం కొత్త ఆలోచన అన్నట్టు ఇప్పుడు ప్రచారం సాగుతున్నా, ఏది ధాతువు (లోహం తీయదగిన రాయి), ఏది చెత్త అన్నది ఆయా కాలాల విద్యను, ధరను బట్టి మొదటి నుంచీ మారుతూనే వచ్చింది.

అదే లారియంలో 1860లలో ఫ్రెంచి, ఇటాలియన్ పెట్టుబడులతో ఏర్పడిన ఒక కంపెనీ ప్రాచీనుల లోహమలం నుంచి సీసం, వెండి తీయసాగింది. దానికిచ్చిన అనుమతి లోహమలం వరకేనా, పక్కనే పోగుపడి ఉన్న నాసిరకం రాతికి కూడా వర్తిస్తుందా అన్న తగవు ముదిరింది. ఆ రాతి గుట్టలు ప్రభుత్వానివేనని 1871లో గ్రీసు చట్టం చేయడంతో ఫ్రాన్స్, ఇటలీ ప్రభుత్వాలు రంగంలోకి దిగాయి. 1873లో కంపెనీ చేతులు మారాక గానీ గొడవ సద్దుమణగలేదు. ఎవరికీ అక్కర్లేని గుట్టకు విలువ ఉందని తెలియగానే యజమానులు ఎలా పుట్టుకొస్తారో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ తర్వాత దారి తెరిచింది రసాయన శాస్త్రం. తవ్వకం లోతుకు వెళ్లేకొద్దీ పైరైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజంలో చిక్కుకున్న బంగారాన్ని, అప్పటిదాకా బంగారం తీయడానికి వాడుతున్న పాదరసం పట్టలేకపోయేది. గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు 1887లో పేటెంటు పొందిన పద్ధతిలో పలచని సయనైడ్ ద్రావణం నూరిన రాతి గుండా ఇంకుతూ బంగారాన్ని కరిగించుకుంటుంది. దాన్ని జింకు ముక్కల మీదుగా పోనిస్తే బంగారం నల్లటి మడ్డిగా దిగుతుంది. 1890లో ఈ పద్ధతి దక్షిణాఫ్రికాకు చేరింది. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో గుట్టలుగా మిగిలిపోయిన జింకును విడదీయడానికి 20వ శతాబ్ది తొలి ఏళ్లలో ప్లవన ప్రక్రియ రూపుదిద్దుకుంది. అందులో లోహం గంధకంతో కలిసి ఉండే సల్ఫైడ్ రేణువులు బుడగలను అంటుకుని నురగతో పైకి తేలతాయి, ఇసుక అడుక్కి చేరుతుంది.

దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ చుట్టూ ఉన్న బంగారు గనుల వ్యర్థాల పసుపుపచ్చని గుట్టలను బలంగా చిమ్మే నీటిధారతో కోసి, బురదగా మార్చి, గొట్టాల ద్వారా కర్మాగారానికి పంపే పని 1970ల చివరి నుంచి పెద్ద ఎత్తున సాగుతోంది. టన్నుకు అర గ్రాము బంగారం లేకున్నా ఇది గిట్టుబాటవుతున్నదంటే, బాగా ఖర్చయ్యే తవ్వకాన్నీ నూరే పనినీ పాత తరం ఎప్పుడో చేసిపెట్టినందువల్లే.

అయితే రెండోసారి పిండిన రాతికీ మిగులు ఉంటుంది. రుమేనియాలోని బాయా మారేలో ఊరికి ఆనుకుని ఉన్న పాత వ్యర్థాలను దూరానికి తరలిస్తూ, ఆ క్రమంలోనే బంగారం, వెండి తీయాలని తలపెట్టిన సంస్థకు చెందిన కొత్త వ్యర్థాల చెరువు కట్ట 2000 జనవరి 30న తెగింది. సుమారు లక్ష ఘనపు మీటర్ల సయనైడ్ నీరు తీసా నది మీదుగా డాన్యూబ్‌లో కలిసింది, హంగరీలో వెయ్యి టన్నులకు పైగా చేపలు చచ్చాయి.

తీవ్ర హాని కలిగించే మూతపడిన వ్యర్థాల నిల్వల జాబితా తయారుచేయాలని ఐరోపా సమాఖ్య 2006లో సభ్యదేశాలను ఆదేశించింది. మూతపడిన నిల్వల్లో కీలక ఖనిజాలు ఎంత మేరకు ఉన్నాయో నమోదు చేయాలని 2024లో అదే సమాఖ్య మరో చట్టం తెచ్చింది.