టాంకు కారలేదు కదా, ఇంక ఫిల్మ్ ఎందుకు? ప్రెషర్ వెస్సెల్స్‌పై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం కూడా అదే ఫోన్. "ఏంది సార్, హైడ్రో టెస్టులో చుక్క కారలేదు. మళ్లీ ఈ ఎక్స్‌రే దేనికి?" నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల షాపుల్లో వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ మొదలుపెట్టి పదహారేళ్లయింది. ఈ మాట వినని నెల లేదు. హైడ్రో టెస్టు అంటే టాంకు నిండా నీళ్లు పోసి ప్రెషర్ ఎక్కించి చూడటం. ఫిల్మ్ అంటే వెల్డు లోపల ఏముందో చూపే ఎక్స్‌రే ఫోటో, దాన్నే రేడియోగ్రఫీ అంటాం.

అపోహ: జాయింట్ ఎఫిషియెన్సీ (వెల్డుని ఎంతవరకు నమ్మి లెక్క కట్టొచ్చో చెప్పే అంకె) డిజైన్ వాళ్ల లెక్క, ఫిల్మ్ క్వాలిటీ వాళ్ల ఖర్చు. వెల్డు బాగుంటే ఫిల్మ్ మానేయొచ్చు.

వాస్తవం: రెండూ ఒకే నిర్ణయం. ప్రెషర్ ఉండే టాంకులకు వాడే అమెరికన్ కోడ్ ఏఎస్ఎంఈ సెక్షన్ 8 డివిజన్ 1లో, రెండు వైపులా వెల్డ్ చేసిన బట్ జాయింట్‌కి (ప్లేట్లు అంచుకి అంచు ఆనించి వేసిన వెల్డు) ఫుల్ రేడియోగ్రఫీ అయితే ఈ అంకె 1.0, స్పాట్ (అక్కడక్కడ మాత్రమే ఫిల్మ్) అయితే 0.85, అసలు లేకపోతే 0.70. 0.85 అంటే వెల్డు పదిహేను శాతం బలహీనమని కాదు. లోపల ఏముందో మనం ఎంతవరకు చూశామో చెప్పే అంకె అది. ప్లేటు మందం ఫార్ములాలో అది హారంలో ఉంటుంది, తగ్గితే మందం పెరుగుతుంది కాబట్టి, చూడనిదానికి ప్లేటు రూపంలో డబ్బు కట్టాలి.

తీరంలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు కోసం చేసిన అమ్మోనియా రిసీవర్ (శీతలీకరణకు వాడే అమ్మోనియా నిలవుండే టాంకు) సంగతి చెప్తాను. 18 బార్, లోపలి వ్యాసం 1,500 మి.మీ., 516 గ్రేడ్ 70 కార్బన్ స్టీల్ ప్లేటు, తుప్పుకి 1.5 మి.మీ. లెక్క కడితే ఫుల్ రేడియోగ్రఫీకి 12 మి.మీ. ప్లేటు సరిపోతుంది, స్పాట్‌కి 14 కావాలి, ఏదీ లేకపోతే 16. డిజైనర్ స్పాట్ అని రాసి 14 తెప్పించాడు. మొత్తం సీములు, అంటే వెల్డు గీతలు, పద్దెనిమిది మీటర్లు. కోడ్ ప్రకారం ప్రతి 15 మీటర్లకు ఒక స్పాట్, ప్రతి వెల్డర్ పనీ అందులో పడాలి. అంటే రెండే రెండు ఫిల్ములు! ఆ రెండింటి కోసం చెన్నై నుంచి బండి, రాత్రి చార్జీలు ఎందుకని ఓనరు వద్దన్నాడు. షాపు వాళ్లూ ఊరుకున్నారు.

ఫిల్మ్ వద్దనుకున్న రోజే ఆ టాంకు 0.70 టాంకు అయిపోయింది. అదే 14 మి.మీ. ప్లేటుతో 15.9 బార్ దాటి నడపకూడదు. ఈ సంగతి టాంకు ప్లాంటులో దిగాక, థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్ ఫిల్ములు అడిగితే బయటపడింది. అప్పటికి హైడ్రో పాసయింది. 1.3 రెట్లు, 23.4 బార్, చుక్క లేదు.

సరేనని అక్కడే స్పాట్లు తీయించాం. మొదటిది బాగుంది. రెండోది చివర్లో డిష్ ఎండ్ (టాంకు చివర గిన్నెలాంటి మూత) మూసిన సర్క్ సీమ్ (చుట్టూ తిరిగే వెల్డు) మీద. రూట్‌లో, అంటే వెల్డు అడుగున, ఎల్ఓపీ (వెల్డు పూర్తి లోతుకి దిగకపోవడం), సన్నటి నల్ల గీత. లోపలి నుంచి గౌజింగ్ (రెండో వైపు వెల్డ్ చేసేముందు రూట్‌ని తొలిచి శుభ్రం చేయడం) సరిగ్గా చేయలేదు. నియమం ప్రకారం అదే వంతు వెల్డులో, ఆ స్పాట్‌కి దూరంగా ఇంకో రెండు తీశాం. అందులో ఒకటి ఫెయిల్. ఇక ఆ 15 మీటర్ల వంతు వెల్డంతా తీసి మళ్లీ వేయాలి, లేదా మొత్తానికీ ఫిల్మ్ తీసి లోపాలు బాగుచేయాలి. రెండో దారి పట్టాం. మ్యాన్‌హోల్‌లోంచి దూరి గ్రైండింగ్, వెల్డింగ్, మళ్లీ హైడ్రో. సీజన్ మధ్యలో ప్లాంటు ఆగింది. ఓనరు ముఖం చూస్తే నాకు కోపం రాలేదు, బాధేసింది. ఆయనకు ముందే ఎవరూ ఈ లెక్క కాగితం మీద వేసి చూపలేదు.

హైడ్రో టెస్టు ఆ రోజు కారడం లేదని, ఆ ప్రెషర్‌కి నిలబడిందని చెబుతుంది. రూట్‌లో ఉన్న గీత గురించి చెప్పదు. ఫిల్మ్ వద్దనుకోవడం తప్పు కాదు, మొదటే 0.70తో లెక్క కట్టి 16 కొనండి. కాకపోతే ప్రాణాంతక సర్వీసులో, లేదా మామూలు కార్బన్ స్టీల్ 32 మి.మీ. దాటితే ఆ అవకాశం ఉండదు, ఫుల్ తప్పదు.

అపోహ: డ్రాయింగ్‌లో 10 శాతం ఆర్‌టీ (రేడియోగ్రఫీ) అని ఉంది కాబట్టి స్పాట్ కంటే మేలు, ఎఫిషియెన్సీ పెంచుకోవచ్చు. పెరగదు. 10 శాతం అనేది కొనేవాడి షరతు. కోడ్ లెక్కలో అది 0.85 దగ్గరే ఆగుతుంది.

అపోహ: డిష్ ఎండ్‌కి జాయింటే లేదు, అందుకే 1.0. దాన్ని షెల్‌కి కలిపే సర్క్ సీమ్‌కి కోడ్ అడిగిన స్పాట్ లేకపోతే దానికీ 0.85 వాడాలి. చాలామంది డిజైనర్లే ఇక్కడ తప్పు చేస్తారు.

అపోహ: ఎక్స్‌రే తీసిన టాంకులో రేడియేషన్ మిగిలిపోతుంది.

ఈ పుకారు పుట్టించేవాళ్లంటే నాకు ఓపిక లేదు. భయపడేవాళ్ల మీద మాత్రం విసుక్కోను. మేం వాడేది ఇరిడియం-192 అనే రేడియోధార్మిక సోర్స్. దాని గామా కిరణాలు ఇనుములోంచి దాటిపోతాయి, ఇనుముని రేడియోధార్మికంగా మార్చవు. ప్రమాదమంతా సోర్స్ బయట ఉన్న ఆ కాసేపే. తాడు కట్టి, రాత్రిపూట, అందర్నీ పంపేసి తీసేది అందుకే.

ఆ ప్లాంటులోనే, ఫిల్ములు తీసిన తెల్లారి, రొయ్యలు ఒలిచే షెడ్డు దగ్గర ఒక పెద్దావిడ నన్ను ఆపింది. "మా కోడలికి ఐదో నెల సారూ, ఈ టాంకు పక్కనే కూర్చుంటది" అంది. కెమెరా (సోర్స్ దాచే పెట్టె) ఉన్న బండిని గేటు అవతలికి పంపించి, ఫిల్ములు తీసే ఏజెన్సీ కుర్రాడి దగ్గర సర్వే మీటర్ (రేడియేషన్ కొలిచేది) తీసుకున్నాను. ముందు కాంపౌండ్ గోడ దగ్గర, తర్వాత టాంకుకి ఆనించి చూపించాను. రెండు చోట్లా ముల్లు ఒక్కచోటే ఆగింది. మర్నాడు కోడలు పనికి వచ్చింది.