రిపోర్టులో 'లింఫో' పెరిగిందని టెన్షన్ పడేవాళ్ళ కోసం: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మాది నల్లగొండ. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఒక ల్యాబ్‌లో. పదకొండేళ్ళుగా పని ఒక్కటే: రక్తంలోంచి లింఫోసైట్లను (జబ్బులతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, రిపోర్టులో 'లింఫో' అంటే ఇవే) వేరు చేయడం, పెంచడం, రంగులేసి లెక్కపెట్టడం, కొన్నిటిని గడ్డకట్టించి దాచడం. శనివారం సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి చుట్టాలో పక్కింటివాళ్ళో ఫోన్‌లో రక్త పరీక్ష రిపోర్టు ఫోటో పెట్టుకుని కూర్చుంటారు. నేను డాక్టర్ని కాదు, మీ డాక్టర్నే అడగండి అంటే వినరు. ప్రతిసారీ అవే మాటలు చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే ఒకసారి రాసి పెడుతున్నాను.

అపోహ: లింఫోసైట్లు పెరిగాయంటే బ్లడ్ క్యాన్సరే

మొన్న మిర్యాలగూడ నుంచి మా చిన్నమ్మ ఫోన్. "ఏందిరా, పిల్లగానికి లింఫో 58 అని లావుగ కొట్టిండ్రు, పక్కన హెచ్ అని ఉన్నది, క్యాన్సరా?" అంటూ ఏడుపు. పిల్లగాడి వయసు రెండున్నరేళ్ళు, జలుబు చేసింది. రెండున్నరేళ్ళ పిల్లల్లో 58 శాతం ఉండడం మామూలే. పుట్టిన కొద్ది రోజుల తర్వాత నుంచి నాలుగైదేళ్ళు వచ్చేదాకా పిల్లల తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లదే పైచేయి. పెద్దవాళ్ళకు 20 నుంచి 40 శాతం. చాలా చోట్ల కంప్యూటర్‌లో పెద్దవాళ్ళ లెక్కే ఎక్కించి పెడతారు, ఎవరి రక్తం వచ్చినా అదే కొలత, దాటితే 'హెచ్', అంటే హై, ఎక్కువ అని. చిన్నమ్మ ఆ రాత్రి నిద్రపోనిది ఆ ఒక్క అక్షరం వల్ల.

ఇంకోటి, శాతం చూసి ఏదీ తేల్చొద్దు. మొత్తం తెల్లకణాలు 5,000 ఉండి అందులో లింఫోసైట్లు 50 శాతం అంటే 2,500, ఇది పెద్దవాళ్ళకు నిక్షేపంలాంటి లెక్క. వైరల్ జ్వరం వచ్చి తగ్గుతున్నప్పుడు కొన్నాళ్ళు ఎక్కువగా కనిపించడం కూడా మామూలే, అవి పని చేస్తున్నాయని అర్థం. అదే అరవై దాటిన మనిషికి మొత్తం 60,000, అందులో 85 శాతం లింఫోసైట్లు అని వస్తే, అంటే ఒక్క మైక్రోలీటర్‌లో 51,000, అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా రక్తం డాక్టర్‌ని చూడాల్సిందే. అలాంటి స్లైడ్లు మా దగ్గరికి వస్తాయి. గాజు పలక మీద రక్తం చుక్కను లాగేటప్పుడే ఆ కణాలు పగిలిపోయి, మైక్రోస్కోప్ కింద వేలితో అలికినట్టు ఊదారంగు మరకలు కనిపిస్తాయి. అది చాలాసార్లు నెమ్మదిగా సాగే రకం లుకేమియా. చాలామందికి వెంటనే మందు కూడా మొదలుపెట్టరు, కనిపెట్టుకుని ఉంటారు. అంటే నిజంగా క్యాన్సర్ అయినా సరే, ఆ పేరు విన్నంత భయం ప్రతిసారీ అక్కర్లేదు.

అపోహ: సొంతవాళ్ళ రక్తమైతేనే మంచిది

ఇది మన దగ్గర ఎంత గట్టి నమ్మకమో నాకు తెలుసు. ఆపరేషన్ అనగానే "బయటోళ్ళ రక్తం వద్దు, మా తమ్ముడున్నడు, నా కొడుకున్నడు" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ లింఫోసైట్ల పని చేసేవాణ్ణి అడిగితే ఇక్కడే గుండె జారుతుంది.

ఎక్కించే రక్తంలో మనకు కావలసింది ఎర్రకణాలు. వాటితో పాటు దాత లింఫోసైట్లు కొన్ని వస్తాయి. బయటివాళ్ళవైతే మన ఒంట్లో ఉన్నవి వాటిని పరాయివని గుర్తుపట్టి కొద్ది రోజుల్లో ఖతం చేస్తాయి. దగ్గరి రక్తసంబంధీకుల విషయంలో ఎప్పుడో ఒకసారి ఇలా జరుగుతుంది: కణాల మీద ఉండే గుర్తింపు కార్డుల్లాంటి ప్రొటీన్లు తల్లి నుంచి ఒక సెట్టు, తండ్రి నుంచి ఒక సెట్టు వస్తాయి. దాతకు రెండు సెట్లూ ఒకటే అయి, తీసుకునే మనిషిలో అదే సెట్టు సగం ఉంటే, ఆ మనిషి శరీరం వచ్చిన లింఫోసైట్లను చూసి మనవాళ్ళే అనుకుని వదిలేస్తుంది. వచ్చినవి మాత్రం ఆ మనిషిలో మిగిలిన సగాన్ని చూసి పరాయి అనుకుంటాయి. ఇంట్లోకి రానిచ్చినవాడే ఇంటి మీద పడ్డట్టు, చర్మం, కాలేయం, పేగులు, ఎముక మజ్జ అన్నిటి మీదా పడతాయి. చాలా అరుదు, కానీ వస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా బతకరు. మేనరికాలు తరతరాలుగా ఉన్న కుటుంబాల్లో రెండు సెట్లూ ఒకటే అయ్యే అవకాశం ఇంకాస్త ఎక్కువ. మన వైపు మేనరికాల సంగతి నేను చెప్పాలా?

అందుకే రక్తసంబంధీకుల రక్తమే ఎక్కించాల్సి వస్తే దానికి ముందు రేడియేషన్ ఇవ్వాలి, 25 గ్రే మోతాదు. ఎర్రకణాలు పని చేస్తూనే ఉంటాయి, లింఫోసైట్లు మాత్రం ఇక విడిపోయి పెరగలేవు. ఆ యంత్రం అన్ని చోట్లా ఉండదు. తమ్ముడిని రక్తం ఇవ్వనివ్వండి, తప్పకుండా ఇవ్వనివ్వండి. బ్లడ్ బ్యాంకులో ఇస్తే అది వేరే ఎవరికో పనికొస్తుంది, మీకు వేరే వాళ్ళది ఎక్కుతుంది. డాక్టర్ బయటివాళ్ళ రక్తమే ఎక్కిద్దామంటే గొడవ పెట్టుకోకండి.

అపోహ: ఇదంతా పెద్ద ల్యాబుల ముచ్చట, మనకేం తెలుస్తది

షాద్‌నగర్ వైపు కోళ్ళ ఫారం ఉన్నవాళ్ళెవరినైనా గంబోరో గురించి అడగండి, మా ప్రొఫెసర్ల కంటే బాగా చెప్తారు. కోడిపిల్లలకు రెండో వారం రాగానే నీళ్ళలో కలిపి టీకా పట్టిస్తారు. ఆ వైరస్ కోడిలో తోక దగ్గరుండే చిన్న సంచి మీద పడుతుంది. దాన్ని బర్సా అంటారు. అది పాడైన కోడిపిల్ల బతికినా మిగతా టీకాలు దానికి సరిగ్గా పట్టవు, ప్రతి జబ్బూ తగులుకుంటుంది. ఎందుకంటే కోడిలో యాంటీబాడీలు తయారుచేసే లింఫోసైట్లు ఎదిగేది ఆ సంచిలోనే. మన టెక్స్ట్ పుస్తకాల్లో 'బి' కణం అని రాస్తారే, ఆ 'బి' ఈ బర్సాదే. 1956లో అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే ఆయన ఈ సంగతి కనిపెట్టి పేరున్న పత్రికకు పంపితే తిప్పికొట్టారు. చివరికి కోళ్ళ సైన్స్ పత్రికలో అచ్చయింది. మనుషులకు బర్సా లేదు, మన బి కణాలు ఎముక మజ్జలోనే ఎదుగుతాయి. ఇంకో రకం లింఫోసైట్లు, 'టి' కణాలేమో రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథిలో ఎదుగుతాయి, దాని పని ఏంటో 1961లో గానీ బయటపడలేదు. అంతవరకు దాన్ని పనికిరాని మాంసం ముక్క అనుకున్నారు.

అపోహ: గొంతు దగ్గర, గజ్జల్లో బిళ్ళ కడితే వేడి చేసినట్టు

వేడి కాదు. కాలికి పుండయితే గజ్జల్లో, పన్ను పుచ్చితే దవడ కింద ఉన్న లింఫ్ గ్రంథిలో ఈ కణాలు పెరిగి పని మొదలుపెడతాయి, అందుకే ఉబ్బుతుంది. పుండు మానితే అదీ తగ్గుతుంది. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, గట్టిగా ఉండి నొప్పి లేకపోతే, సాయంత్రం జ్వరమొచ్చి బరువు తగ్గుతుంటే పసుపు పట్లు వేసుకుంటూ కూర్చోకండి. టీబీ కావచ్చు, చూపించుకోండి.

అపోహ: ఇమ్యూనిటీ ఎంత పెంచితే అంత మంచిది

కరోనా తర్వాత ఈ మాట అనని దుకాణం లేదు. డబ్బాల మీద, పొడుల మీద, చివరికి బిస్కెట్ల మీద కూడా 'ఇమ్యూనిటీ'. నాకు వెంటనే గుర్తొచ్చేది 2006 మార్చిలో లండన్‌లో జరిగింది. టి కణాలను నేరుగా ఉసిగొల్పే ఒక కొత్త మందును ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు ఇచ్చారు. జంతువుల్లో ప్రమాదం లేదని తేలిన మోతాదును ఐదు వందల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం మాత్రమే. గంటన్నర తిరక్కముందే తలనొప్పి, వణుకు, వాంతులు, ఆ తర్వాత ఒక్కొక్క అవయవమే మొరాయించడం. ఆరుగురూ ఐసీయూకి వెళ్ళారు, అదృష్టం, ప్రాణాలు దక్కాయి, ఒకతని కాలి వేళ్ళు పోయాయి. కోతుల్లో ఎందుకు తెలియలేదంటే, ఆ మందు అతుక్కునే కొక్కెం కోతుల టి కణాల్లో ఒక ముఖ్యమైన రకం మీద లేదు, మన వాటి మీద ఉంది. అంత చిన్న తేడా. ఎలుకలదీ అంతే: ఎలుక రక్తంలో లింఫోసైట్లదే మెజారిటీ, మనలో వేరే తెల్లకణాలది. అందుకే జంతువుల్లో బాగుంది అన్న వార్త చూసి ఎవరైనా ఎగిరి గంతేస్తే నేను కాస్త ఆగమంటాను.

ఈ కణాలకు యాక్సిలరేటర్ ఎంత ముఖ్యమో బ్రేకూ అంతే ముఖ్యం. మిగతా వాటిని అదుపులో పెట్టే టి కణాలు కొన్ని ఉంటాయని తేల్చినందుకే 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి నోబెల్ అందుకున్నారు. బ్రేకు పోతే వచ్చేవే కీళ్ళవాతం లాంటి జబ్బులు. పొడి డబ్బాతో ఈ లెక్క కుదరదు.

అపోహ: పరిశోధన అంటే మనకు దూరం

ప్రెగ్నెన్సీ కార్డు మీద రెండో గీత పడుతుందే, అది లింఫోసైట్ పుణ్యమే. ఒక బి కణం ఒకే రకం యాంటీబాడీ చేస్తుంది, బయటికి తీస్తే కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టైన్ ఎలుక బి కణాన్ని చావులేని ఒక క్యాన్సర్ కణంతో కలిపేశారు. అది ఎడతెగకుండా ఒకే యాంటీబాడీని పోస్తూ ఉంటుంది. డెంగీ కార్డు టెస్టు వెనక ఉన్నదీ ఆ కిటుకే.

రాజ్మా గురించి కూడా చెప్పాలి. పిల్లలు నిలవని దంపతులకు డాక్టర్లు క్రోమోజోమ్ పరీక్ష రాస్తారు. ఎర్రకణంలో కేంద్రకం లేదు, క్రోమోజోములు ఎక్కడుంటాయి? లింఫోసైట్‌లో ఉంటాయి, కానీ అది నిద్రపోతూ ఉంటుంది. దాన్ని నిద్రలేపేది రాజ్మా గింజలోని ఒక ప్రొటీన్, సరిగ్గా ఉడకని రాజ్మా తింటే వాంతులు చేయించేదే. 1960లో పీటర్ నోవెల్ ఎర్రకణాలను గడ్డకట్టించి తీసేయడానికి దాన్ని వాడుతుంటే, పక్కనున్న లింఫోసైట్లు విడిపోవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు మేం చేసేదీ అదే: 37 డిగ్రీల్లో 72 గంటలు, చివర్లో కాల్చిసిన్ వేసి విభజనను మధ్యలో ఆపేయడం. ఆ కాల్చిసిన్ మనం అగ్నిశిఖ అనీ అడవినాభి అనీ పిలిచే తీగ దుంపలో కూడా ఉంటుంది, పెద్ద విషం.

ఇంకొక ముచ్చట. మా ఫ్రీజర్‌లో 'రాజి' అనే డబ్బా చూసి కొత్తగా చేరిన పిల్ల ఒకతి "ఎవరు సార్ ఈ రాజి, పాత స్టాఫా?" అంది. కాదు, 1963లో నైజీరియాలో పదకొండేళ్ళ బాబు లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) గడ్డ నుంచి తీసిన బి కణాలు, ఇప్పటికీ ప్రపంచమంతా పెరుగుతూనే ఉన్నాయి. తెలుగువాళ్ళవీ ఉన్నాయి. వెయ్యి జీనోముల ప్రాజెక్టు 26 జనసమూహాల నుంచి 2,504 మంది జన్యువులు చదివి 2015లో బయటపెట్టింది. అందులో ఒక సమూహం బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు. వాళ్ళ బి కణాలకు ఒక వైరస్ ఎక్కించి చావు లేకుండా చేసి దాచారు. ఏ దేశంలో ఏ ల్యాబ్ వాడైనా తెలుగు జన్యువు చూడాలంటే చాలాసార్లు ముందు వాటినే తెరుస్తాడు.

అపోహ: టి కణాలతో ఇక అన్ని క్యాన్సర్లకూ మందొచ్చింది

కార్ టి అంటారు. రోగి టి కణాలనే తీసి, కొత్త జన్యువు ఎక్కించి, పెంచి తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో 2017లో అనుమతి వచ్చినప్పుడు ధర 4,75,000 డాలర్లు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి చేసిన మన దేశపు మందుకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది, దాదాపు పదో వంతు ఖర్చుకే. గర్వపడాల్సిందే. కానీ అది బి కణాల నుంచి పుట్టిన కొన్ని క్యాన్సర్లకే, అదీ వేరే మందులు పని చేయనప్పుడు, అదీ అందరికీ ఫలించదు. రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ళకు ఇది రాయించమని నన్ను అడగకండి.

అపోహ: రక్తం ఐస్‌లో పెడితే భద్రం

చివరిది, ఇది కలెక్షన్ సెంటర్లలో పనిచేసే తమ్ముళ్ళకు. కిందటి ఎండాకాలం దేవరకొండ వైపు నుంచి క్రోమోజోమ్ పరీక్ష కోసం ఒక జంట శాంపిల్ వచ్చింది. ఎవరో మంచి మనసుతో ట్యూబులను ఐస్ గడ్డల మధ్య పాతిపెట్టి పంపారు. ఆకుపచ్చ మూత ట్యూబే, సరైనదే. రక్తంలో కణాలను వేరు చేయడానికి మేం ఒక చిక్కటి ద్రవం మీద రక్తాన్ని ట్యూబ్ గోడ వెంబడి చుక్క చుక్కగా జారవిడుస్తాం. కలిసిపోకూడదు, చెయ్యి వణక్కూడదు. యంత్రంలో అరగంట గిర్రున తిప్పితే అడుగున ఎర్రకణాలు, పైన పసుపు నీళ్ళు, మధ్యలో పలుచని పాలమీగడ లాంటి వలయం. ఆ వలయంలో ఎక్కువగా ఉండేవి లింఫోసైట్లే. ఆ రోజు వలయం చిక్కగా కాక చెదిరిన మబ్బులా వచ్చింది. విడిగా పెంచడానికి పెట్టిన కణాలను 72 గంటల తర్వాత చూస్తే స్లైడ్ మీద ఒక్క క్రోమోజోమ్ గుంపు లేదు. ఆ అమ్మాయి మళ్ళీ బస్సెక్కి వచ్చి రక్తం ఇచ్చి వెళ్ళింది, ఆ మధ్యలో ఇంట్లో అత్త ఏమన్నదో కూడా చెప్పి వెళ్ళింది.

లింఫోసైట్ పరీక్షకు రక్తం మామూలు గది వేడిలోనే ఉండాలి. ఫ్రిజ్ వద్దు, ఐస్ వద్దు, మే నెలలో బండి డిక్కీ కూడా వద్దు. 24 గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. శనివారం మధ్యాహ్నం తీయకండి, ఆదివారం దాన్ని అందుకునేవాళ్ళు ఉండరు. సోమవారం పొద్దున తీసి పదకొండు గంటల బస్సుకు ఇవ్వండి.