జనాభా లెక్కలకు చెవులుండవు: బెంగళూరు ఎఫ్ఎం పాటలపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఎఫ్ఎం స్టేషన్లకు పాటల జాబితా కట్టడం నా పని. ఏ గంటలో ఏ పాట వెళ్లాలి, దాని పక్కన ఏది కూర్చోవాలి, అదే పాట మళ్లీ ఎప్పుడు రావాలి అని లెక్కలు వేస్తూ ఉంటాను. పెళ్లిలోనో, అపార్ట్‌మెంట్ ఉగాది వేడుకలోనో ఈ సంగతి తెలిసిన తెలుగువాళ్లు నన్ను పట్టుకుని అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇంతమంది మనవాళ్లున్నారు కదండీ, ఒక్క తెలుగు ఎఫ్ఎం పెట్టలేరా?" విస్తట్లో పులిహోర పూర్తయ్యేలోపు దీనికి జవాబు చెప్పడం నాకు ఇంతవరకూ చేతకాలేదు.

అపోహ: తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు, కాబట్టి తెలుగు స్టేషన్ పెడితే నడిచి తీరుతుంది.

వాస్తవం: లక్షల్లో ఉన్న మాట నిజమే. 2011 జనాభా లెక్కల ప్రకారం బెంగళూరు అర్బన్ జిల్లాలో 96 లక్షల మంది ఉంటే, తెలుగు మాతృభాష అని రాయించుకున్నవారు నూటికి 13, 14 మంది. అంటే ఆనాటి విజయవాడ నగర జనాభా కంటే ఎక్కువే. కన్నడం రాయించుకున్నవారు నూటికి 45 దరిదాపుల్లో ఉన్నారు. సగానికి తక్కువ కావడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఆశ మొదలయ్యేది కూడా అక్కడే.

అయితే ఈ 13 మంది ఒకే రకం మనుషులు కారు. తరతరాలుగా ఇక్కడే ఉన్నవారు, కోలారు, చిక్కబళ్లాపురం వైపు నుంచి వచ్చినవారు ఒక తెగ. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో రాసిందీ కన్నడమే. అనంతపురం, పాలమూరు నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చినవారు ఇంకొందరు. కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చి మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో దిగినవారు మూడో జట్టు. వీరి చెవిలో ఫోను ఉంటుంది, అందులో కావలసిన పాట ఉంటుంది. ముగ్గురి మాతృభాషా ఒకటే. ముగ్గురికీ కలిపి నచ్చే పది పాటలు రాయమంటే నేను ఇరవై నిమిషాలు కలం నమిలి, ఆరు దగ్గర ఆగిపోయాను.

ఈ సంగతి నాకు బాగా తలకెక్కింది ఒక పాటల పరీక్షలో. కొత్తగా జాబితా కట్టేముందు మేము కొంతమంది శ్రోతలను ఒక హాలులో కూర్చోబెట్టి, ఒక్కో పాట నుంచి అందరూ గుర్తుపట్టే ముక్కను ఏడెనిమిది సెకన్లు వినిపిస్తాం. వాళ్లు కాగితం మీద ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. తెలియని పాటకు "తెలియదు" అన్న గడిలో టిక్కు పెడతారు. కె.ఆర్.పురం నుంచి వచ్చిన ఒకాయన వివరాల్లో మాతృభాష తెలుగు అని రాశాడు, వయసు ముప్పై అయిదు. ఆ రోజు వినిపించిన తెలుగు పాటల్లో సగానికి పైగా "తెలియదు" గడిలోకే వెళ్లాయి. తను కాలేజీలో ఉన్నప్పటి కన్నడ పాటలకు మాత్రం వరసగా అయిదులు పడ్డాయి. టీ తాగేటప్పుడు తెలుగులోనే అడిగాను. "అమ్మతో తెలుగే మాట్లాడతాను సార్. పాటలు మాత్రం బస్సులో విన్నవే వచ్చు" అన్నాడు.

జనాభా లెక్కల మనిషి తలుపు తట్టి అమ్మ భాష అడుగుతాడు. నాకు కావలసింది బస్సు భాష.

ఇక స్థలం గొడవ. బెంగళూరు ప్రైవేటు స్టేషన్ల అంకెలు ఒకసారి వరసగా చదవండి: 91.1, 91.9, 92.7, 93.5, 94.3. మధ్యలో ప్రతిసారీ 0.8 ఖాళీ. ఒకే ఊళ్లో రెండు స్టేషన్లు ఒకదానిమీద ఒకటి పడకుండా మన దేశంలో పాటించే ఎడం అది. కాబట్టి ఊరికి పట్టే స్టేషన్ల సంఖ్యకు ఒక హద్దు ఉంది. 2015 వేలంలో బెంగళూరులో ఒక్క ఫ్రీక్వెన్సీ ధర వంద కోట్ల రూపాయలు దాటింది. పైగా ప్రైవేటు ఎఫ్ఎం సొంతంగా వార్తలు చదవకూడదు. చేతిలో ఉన్న ప్రధానమైన సరుకు పాట. అంత డబ్బు పోసినవాడు నూటికి పదముగ్గురిలో, రేడియో పెట్టే కొద్దిమందిని నమ్ముకుని కూర్చోడు. నేనైనా కూర్చోను.

అపోహ: ఎక్కువమంది ఇష్టపడే పాటే రేడియోలో గెలుస్తుంది.

వాస్తవం: ఒక గదిలో నలుగురుంటే, ఆ నలుగురిలో ఎవరూ లేచి ఆపేయని పాట గెలుస్తుంది. ఈ తేడా తెలియక చాలా స్టేషన్లు దెబ్బతిన్నాయి.

మారతహళ్లిలో మా తమ్ముడి కొడుకు ఉండే పీజీ, అంటే నెలకింత కట్టి ఉండే హాస్టల్ ఉంది. నాలుగంతస్తులు, పిల్లల్లో పదికి ఏడుగురు తెలుగువాళ్లు. వంటగదిలో ఫ్రిజ్ మీద పాత రేడియో ఒకటి ఉంటుంది. వృత్తి దోషం కొద్దీ ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి అక్కడ కూర్చున్నాను. ఆరింటికి వంటామె ఇడ్లీ పిండి కలుపుతూ కన్నడ భక్తి పాటలు పెట్టింది. ఎనిమిదింటికి గిన్నెలు తోమే ఒడిశా కుర్రాడు వచ్చాడు, చేయి తుడుచుకుని హిందీకి తిప్పాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ పాటలు ఆమెకూ తెలుసు, కూనిరాగం కూడా తీసింది. తొమ్మిదిన్నరకు మన పిల్లలు టిఫినుకు దిగారు. ప్లేటు ఒక చేతిలో, ఫోను ఇంకో చేతిలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. రేడియో వంక చూసినవాడు లేడు.

ఆ భవనంలో అత్యధికుల భాష తెలుగు. ఆ రేడియోకు తెలుగుతో నిమిషం కూడా పరిచయం లేదు. స్టేషన్ మార్చే చేయి ఎవరిదో, ఆ చేయి పక్కన ఎవరు కూర్చున్నారో, ఏ గంటలోనో తెలియకుండా జనాభా శాతాలు పట్టుకుని స్టేషన్‌లో ఏ రకం పాటలు రావాలో నిర్ణయించడం, వంటింట్లోకి వెళ్లకుండా భోజనాలకు పిలవడం లాంటిదే.

అపోహ: జనాభాను చూసి స్టేషన్ పెట్టి గెలిచినవారే లేరు.

వాస్తవం: ఉన్నారు. నేను రెండో వైపు మరీ ఒరిగిపోకుండా ఈ కథ ఎప్పుడూ దగ్గర పెట్టుకుంటాను. అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్లో 1947లో డబ్ల్యూడీఐఏ అనే చిన్న స్టేషన్ మొదలైంది. శక్తి 250 వాట్లు. అందరూ వేసే పాటలే వేసి నష్టాల్లో పడింది. ఊళ్లో మూడో వంతుకు పైగా నల్లజాతివారు. వారి కోసం పాటలు వేసే స్టేషన్ ఒక్కటీ లేదు. 1948లో నాట్ డి. విలియమ్స్ అనే నల్లజాతి ఉపాధ్యాయుడికి మైకు ఇచ్చారు. క్రమంగా కార్యక్రమాలన్నీ ఆ శ్రోతల కోసమే మార్చేశారు. 1954కల్లా ఆ స్టేషన్ శక్తి 50,000 వాట్లకు చేరింది.

మరి అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు? అక్కడ ఆ జనాన్ని వేరుగా ఉంచారు. వారి పేటలు వేరు, బడులు వేరు, వారు సరుకులు కొనే అంగళ్లు చాలావరకు వేరు. వారికి అమ్మాలనుకున్న వ్యాపారికి మరో దారి లేదు. బెంగళూరు తెలుగువాడు అలా విడిగా లేడు. కన్నడ స్టేషన్‌లో వచ్చిన నగల దుకాణం ప్రకటన అతనికి చక్కగా అర్థమవుతుంది, అదే దుకాణానికి వెళ్తాడు. అతన్ని చేరడానికి ఆ యజమాని ఇంకొక స్టేషన్‌కు ఎందుకు డబ్బు కట్టాలి? మనం నాలుగు భాషలు నేర్చిన గొప్పే మన స్టేషన్‌కు గొయ్యి తవ్వింది.

చెన్నై సంగతి ఇంకో రకం. 2011 లెక్కల్లో అక్కడ తమిళం నూటికి 78 పైన, తెలుగు పదికి కాస్త తక్కువ. అందుకే చెన్నై స్టేషన్ల మధ్య పోటీ ముఖ్యంగా తమిళంలోనే, కాలాన్ని బట్టి, మాట తీరును బట్టి. బెంగళూరులో మాత్రం ఒకటి కన్నడం, ఒకటి హిందీ, ఒకటి ఇంగ్లీషు అంటూ ముందు భాషల గీత పడుతుంది, తర్వాతే మిగతాది.

అపోహ: పాత పాటలు వేస్తే ముసలివాళ్లు వింటారు.

వాస్తవం: పాత అనేది ఏటా జరుగుతూ ఉండే గీత. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు వేర్వేరు కాలాల పాటలు వేర్వేరు వయసులవారికి వినిపించి చూశారు. మనిషికి తన ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల ప్రాయంలో వచ్చిన పాటలే అన్నిటికంటే ఎక్కువ నచ్చుతాయని తేలింది. ఆ లెక్కన 1985లో పెళ్లీడుకొచ్చిన ఇళయరాజా అభిమానికి ఇప్పుడు అరవై దాటాయి. ప్రకటనలు ఇచ్చేవారు వెతికే వయసు అది కాదు. నలభై అయిదేళ్ల ఆమెకు "ఆ రోజుల్లో" అంటే 2000 తర్వాతి పాటలు. జాబితా కట్టే మేము ఏటా వెనక నుంచి కొన్ని తీసేసి ముందు కొన్ని చేరుస్తాం. ఘంటసాలను తీసేసిన రోజు మా నాన్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి.

అపోహ: పాటలు ఆర్జే (మైకు ముందు మాట్లాడే రేడియో జాకీ) ఇష్టం. బద్ధకం వల్లే ఒకే పాట మళ్లీ మళ్లీ వేస్తారు.

వాస్తవం: చాలాచోట్ల ఆర్జే చేతిలో పాట ఉండదు, షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ పంపుతుంది. రోజంతా వినేవాడికి విసుగే, కానీ రోజంతా వినేవారు తక్కువ. ఆటోలో ఇరవై నిమిషాలు ఉండి దిగిపోయేవాడికి ఆ పాట ఆ రోజు ఒక్కసారే. ఇక ఫోన్ చేసి పాట అడిగేవారిని చూసి ఊరి అభిరుచి ఇదీ అని తేల్చకండి. చేసేవారిలో సగం నిన్న చేసినవారే.

అపోహ: బెంగళూరు రేడియోలో తెలుగువాడికి ఏమీ దొరకదు.

వాస్తవం: ఆకాశవాణి అమృతవర్షిణి 100.1 పెట్టండి. శాస్త్రీయ సంగీతం. కచేరీలో త్యాగరాజు కృతి వచ్చిందంటే స్వచ్ఛమైన తెలుగే. పాడేవారు, వినేవారు తెలుగువారే కానక్కరలేదు.

రెండోది ఇంకా దగ్గరిది. పాత కన్నడ పాటల గంటలో వచ్చే గొంతులు చూడండి. రాజ్‌కుమార్ తానే పాడుకోవడం మొదలుపెట్టక ముందు ఆయనకు గొంతైన పి.బి.శ్రీనివాస్ కాకినాడలో పుట్టారు. ఎస్.జానకి పుట్టింది గుంటూరు జిల్లాలో. అనంతపురంలో ఇంజనీరింగ్‌లో చేరిన బాలు సరేసరి. కన్నడ రెట్రో గంటకు తెలుగు ఇళ్లలోనూ శ్రోతలు ఉండటం నేను చాలాసార్లు గమనించాను. భాష పరాయిదైనా గొంతు ఇంటిది.

కె.ఆర్.పురం ఆయన కాగితంలో అదీ ఉంది. పి.బి.శ్రీనివాస్ కన్నడ పాటకు అయిదు వేశాడు, ఆయన పుట్టకముందు పాటకు. నాన్న రోజూ వినేవారట. కాగితాలు తీసుకుంటూ, "ఈయన కాకినాడ ఆయనే, తెలుసా?" అన్నాను. "కన్నడ గాయకుడు కదా సార్" అన్నాడు. కాదు, మనవాడే అన్నాను. తన కాగితం తిరిగి అడిగి తీసుకుని, ఆ గడి వంక కాసేపు చూసి, మార్కు అలాగే ఉంచి ఇచ్చేశాడు.