బ్యాటరీలో పెరిగే రాళ్లు

ఒక పాఠకుడు పంపిన ప్రశ్న వారం రోజులుగా నన్ను వదలడం లేదు. ఆయన తన ఏటీవీని, అంటే గుంతల దారుల్లోనూ నడిచే నాలుగు చక్రాల బండిని, నాలుగు నెలలపాటు షెడ్డులో నిలిపి ఉంచారు. తర్వాత మీట నొక్కితే ‘టక్’మన్న శబ్దం తప్ప ఇంజను కదల్లేదు. ఛార్జర్ తగిలిస్తే అరగంటకే ఆకుపచ్చ దీపం వెలిగింది. వెంటనే మల్టీమీటర్ పెట్టి చూస్తే 12.6 వోల్టులు. మళ్లీ నొక్కితే మళ్లీ అదే ‘టక్’. బ్యాటరీ కొని ఏడాది కూడా కాలేదు. ‘నేను దాన్ని వాడనే లేదు, మరి ఎలా పాడైంది?’ అని అడిగారు.

వాడకపోవడం వల్లనే పాడైంది. ఎలా పాడైందో చెప్పడానికి నాకు చాలా ఉత్సాహంగా ఉంది. ఎందుకంటే ఆ నల్లని డబ్బాలో జరిగింది రసాయన శాస్త్రంలోని అందమైన విషయాల్లో ఒకటి.

సీసం బ్యాటరీని 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే తయారు చేశాడు. ఒక పలక సీసం, మరొకటి సీసం డయాక్సైడు, మధ్యలో సల్ఫ్యూరిక్ ఆమ్లం. కరెంటు వాడుకునేటప్పుడు రెండు పలకలూ ఒకే పదార్థంగా, అంటే సీస సల్ఫేటుగా మారతాయి. ఛార్జి చేస్తే వెనక్కి వస్తాయి. ఇది అందరూ బడిలో చదువుకున్నదే.

బడిలో చెప్పనిది ఆ సల్ఫేటు ఎంత పుడుతుందన్న సంగతి. ఏటీవీల్లో తరచుగా కనిపించే 12 ఆంపియర్-గంటల బ్యాటరీని తీసుకుందాం (ఒక ఆంపియరు కరెంటును గంటసేపు వాడితే ఒక ఆంపియర్-గంట). కణాలను లెక్కపెట్టడానికి రసాయన శాస్త్రం వాడే పెద్ద కొలత మోల్. ఒక మోల్ ఎలక్ట్రాన్లు ప్రవహించాయంటే 26.8 ఆంపియర్-గంటలు వాడినట్టు. అప్పుడు బ్యాటరీలోని ఒక్కో గదిలో, అంటే ఒక్కో సెల్‌లో ఒక మోల్ సీస సల్ఫేటు, అంటే 303 గ్రాములు తయారవుతుంది. భాగిస్తే ఆంపియర్-గంటకు 11.3 గ్రాములు. సెల్స్ ఆరు కాబట్టి 68 గ్రాములు. పన్నెండు ఆంపియర్-గంటలూ ఖాళీ అయితే 815 గ్రాములు! నాలుగు కిలోల చుట్టుపక్కల తూగే బ్యాటరీలో ముప్పావు కిలోకు పైగా తెల్లని లవణం పేరుకుంటుంది. అది కరెంటును పారనివ్వని లవణం. సీసంతో పోలిస్తే అది ఆక్రమించే చోటు రెండున్నర రెట్లు ఎక్కువ.

అయినా తాజాగా పుట్టిన సల్ఫేటు వల్ల ప్రమాదం లేదు. అది పలక రంధ్రాల్లో అతి సన్నని స్ఫటికాలుగా ఉంటుంది. ఒక్కొక్కటి తల వెంట్రుక మందంలో నూరోవంతు ఉండవచ్చు. వెంటనే ఛార్జి చేస్తే సులువుగా కరిగిపోతుంది. అలాగే వదిలేస్తేనే అసలు కథ మొదలవుతుంది.

సీస సల్ఫేటు నీటిలో కరగదని పుస్తకాల్లో రాస్తారు. అది పూర్తి నిజం కాదు. లీటరు మంచినీటిలో సుమారు 40 మిల్లీగ్రాములు కరుగుతుంది. గాఢమైన ఆమ్లంలో కరిగేది అంతకంటే ఎంతో తక్కువ. కాబట్టి ప్రతి స్ఫటికం నుంచీ కొన్ని అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) నిరంతరం విడిపోతూ ఉంటాయి, ద్రావణంలోని కొన్ని అయాన్లు వచ్చి అతుక్కుంటూ ఉంటాయి. ఈ రాకపోకలు చిన్న స్ఫటికానికీ పెద్ద స్ఫటికానికీ సమానంగా ఉండవు. పెద్ద స్ఫటికం చదునైన ముఖంమీద ఉన్న అయానుకు చుట్టూ ఇరుగుపొరుగు ఎక్కువ, అవి దాన్ని పట్టి ఉంచుతాయి. చిన్న స్ఫటికంలో అంచులు, మూలలే ఎక్కువ. అంచున నిలబడినదాన్ని పట్టుకునే చేతులు తక్కువ కాబట్టి అది త్వరగా జారిపోతుంది. చిన్నదాని నుంచి జారిన అయాను ద్రావణంలో తిరిగి తిరిగి పెద్దదాని మీద స్థిరపడుతుంది. చిన్నది ఇంకా చిన్నదవుతుంది, దానితో మరింత త్వరగా కరుగుతుంది. పెద్దది ఇంకా పెరుగుతుంది.

పెద్ద చేప చిన్న చేపను మింగినట్టు అనిపిస్తుంది కానీ ఇక్కడ వేట లేదు. చిన్నది తనంతట తానే కరిగిపోతుంది, పెద్దది ఉన్నచోటనే ఉండి లాభపడుతుంది. దీన్ని ఆస్ట్‌వాల్డ్ పక్వత అంటారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త విల్హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ పేరు మీద వచ్చిన మాట అది. చాలా రోజులు నిల్వ ఉంచిన ఐస్‌క్రీమ్‌లో పంటికి గరగరలాడే మంచు పలుకులు తగులుతాయి కదా, అక్కడ జరిగేదీ ఇదే. ఐస్‌క్రీమ్‌లోకి కొత్త నీళ్లేమీ చేరలేదు. ఉన్న మంచే కొద్దిపాటి పెద్ద పలుకుల్లోకి చేరింది.

ఇప్పుడు లెక్క చూడండి. స్ఫటికం వ్యాసం పదింతలు పెరిగితే ఘనపరిమాణం వెయ్యి రెట్లవుతుంది. అంటే వెయ్యి చిన్న స్ఫటికాలు కలిసి ఒక్కటయ్యాయి. కానీ ఆ ఒక్కదాని ఉపరితలం వంద రెట్లే. వెయ్యింటికి ఉన్న మొత్తం ఉపరితలంలో మిగిలింది పదోవంతు. బరువు తగ్గలేదు, పదార్థం మారలేదు, పోయింది ఉపరితలం ఒక్కటే. తరగతిలో మనం రాసే సమీకరణానికి రెండు వైపులా బాణాలుంటాయి. ముందుకు ఎంత సులువో వెనక్కీ అంతే సులువని పిల్లలు అనుకుంటారు. స్ఫటికం ఎంత పెద్దదో చెప్పే చోటు సమీకరణంలో లేదు. ఆ పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ ఈ ఒక్క మాట కలిపితే ఎంత బాగుంటుందో!

ఉపరితలం పోతే ఏమవుతుంది? ఛార్జి చేయడమంటే సల్ఫేటు ముందు కరిగి అయాన్లు కావాలి, ఆ అయాన్లు పలక దగ్గర ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకోవాలి. కరగడానికి తలుపు ఉపరితలమే. తలుపు పదోవంతుకు తగ్గితే సరఫరా కూడా సుమారుగా అంతే తగ్గుతుంది. ఛార్జర్ మాత్రం ఎప్పటి కరెంటునే తోస్తుంది. తీసుకోవడానికి అయాన్లు చాలక వోల్టేజి చివ్వున పైకి లేస్తుంది, మిగిలిన కరెంటు నీటిని విడగొట్టడానికి ఖర్చవుతుంది. పెరిగిన వోల్టేజిని చూసి ఛార్జర్ పని పూర్తయిందని ఆకుపచ్చ దీపం వెలిగిస్తుంది. ఆ పాఠకుడికి అరగంటలో జరిగింది ఇది. అప్పుడు కనిపించిన 12.6 కూడా పలకల దగ్గర కొత్తగా పుట్టిన కాస్త ఆమ్లం చూపించిన అంకె. పన్నెండు గంటలు ఆగి చూస్తే అది దిగిపోయి ఉండేది. ఒక రాత్రి విశ్రాంతి తర్వాత 12.6, ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే సుమారు ముప్పావు, 12.2 అయితే సగం.

నాలుగు నెలలు కదలని బండి బ్యాటరీని ఎవరు ఖాళీ చేశారు? గడియారమూ ఇంజను కంప్యూటరూ కలిసి 5 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటున్నాయనుకుందాం. రోజుకు 0.12 ఆంపియర్-గంటలు. వంద రోజులకు 12. బ్యాటరీ మొత్తం అంతే! మరోవైపు స్టార్టరు 100 ఆంపియర్ల చొప్పున మూడు సెకన్లు తిరిగినా ఖర్చు 0.083 ఆంపియర్-గంటలే. అంటే ఇంజనును ఒకసారి తిప్పినదానికంటే ఒక రోజు ఊరికే నిలబెట్టినందుకు అయ్యే ఖర్చు ఎక్కువ. ఈ రెండు అంకెలను పక్కపక్కన మొదటిసారి రాసుకున్నప్పుడు నేను లెక్క తప్పానేమోనని మళ్లీ చేసి చూశాను.

పూర్తిగా ఖాళీ అయ్యాక పరిస్థితి ఇంకా వేగంగా దిగజారుతుంది. ఆమ్లం పలచబడి నీటికి దగ్గరవుతుంది. నీటిలో సల్ఫేటు ఎక్కువ కరుగుతుంది కాబట్టి స్ఫటికాల మధ్య బదిలీ జోరందుకుంటుంది. చలి ప్రాంతమైతే మరో దెబ్బ: నిండు బ్యాటరీలోని ఆమ్లం మైనస్ 50 డిగ్రీల దగ్గర కూడా గడ్డకట్టదు, ఖాళీ బ్యాటరీలోది సుమారు మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి డబ్బాను పగలగొట్టగలదు.

ఈ రాళ్లను కరిగిస్తామనే పొడులు ఎన్నో వచ్చాయి. 1953లో అమెరికాలో ఏడీ-ఎక్స్2 అనే పొడి గురించి పెద్ద దుమారమే రేగింది. అందులో ఉన్నది ప్రధానంగా సోడియం సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు. జాతీయ ప్రమాణాల సంస్థ పరీక్షించి అది పనిచేయదని చెప్పింది. అందుకు ఆ సంస్థ డైరెక్టర్ ఆలెన్ ఆస్టిన్‌ను వాణిజ్య మంత్రి సింక్లెయిర్ వీక్స్ పదవి నుంచి తప్పించడానికి పూనుకున్నాడు. శాస్త్రవేత్తలు పెద్ద ఎత్తున నిరసన తెలిపారు. జాతీయ విజ్ఞాన అకాడమీ సంఘం ఆ పరీక్షలు సరైనవేనని తేల్చింది. ఆస్టిన్ పదవిలో కొనసాగాడు. అసలు సల్ఫేటు అయాన్లతో నిండిన ద్రావణంలో మరిన్ని సల్ఫేటు అయాన్లు కలిపితే సీస సల్ఫేటు ఎక్కువ కరగాలని రసాయన శాస్త్రంలో ఎక్కడా లేదు. బ్యాటరీని సిమెంటు నేలమీద పెడితే ఛార్జి దిగిపోతుందన్న నమ్మకం కూడా ఇలాగే నిలిచిపోయింది. చెక్క డబ్బాల కాలంలో తేమకు దానికొక అర్థం ఉండేది. నేటి ప్లాస్టిక్ డబ్బాకు నేల ఏదైనా ఒకటే.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదాని కోడు అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. వైటీఎక్స్20-బీఎస్, వైటీఎక్స్20ఎల్-బీఎస్ రెండూ ఒకే కొలతల డబ్బాలు. కానీ ‘ఎల్’ ఉన్నదానిలో ధన, రుణ కొనలు తారుమారుగా ఉంటాయి. ‘బీఎస్’ అంటే ఆమ్లం విడిగా ఇస్తారని. అందులో ఆమ్లం పోసి, అరగంట నుంచి గంట వరకు ఆగి, బండికి బిగించేముందే పూర్తిగా ఛార్జి చేయాలి. తొందరపడి బిగిస్తే సుమారు 80 శాతం దగ్గరే దాని జీవితం మొదలవుతుంది, మిగతా భాగంలో మొదటి రోజునుంచే పక్వత మొదలవుతుంది. డబ్బామీద రాసే చలి-స్టార్టు ఆంపియర్లంటే మైనస్ 18 డిగ్రీల్లో 30 సెకన్లపాటు 7.2 వోల్టులకు దిగకుండా ఇవ్వగల కరెంటు. పాతదానికంటే తక్కువ అంకె ఉన్నది తీసుకోవద్దు.

గుంతల్లో ఎగిరే బండికి ఆమ్లాన్ని గాజుపీచు చాపలో పట్టి ఉంచే ఏజీఎమ్ రకం నప్పుతుంది. పలకలను ఆ చాప నొక్కి ఉంచుతుంది కాబట్టి కుదుపులకు పదార్థం అంత సులువుగా రాలదు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం చాలా తేలిక, దానిలో సల్ఫేటు మాటే లేదు. కానీ సున్నా డిగ్రీలకు దిగువన ఛార్జి చేస్తే లిథియం లోహంగా పేరుకుని సెల్ దెబ్బతింటుంది. కొన్నింటిమీద రాసేది సీసానికి సమానమైన అంకె, అసలు ఆంపియర్-గంటలు అంతకంటే చాలా తక్కువ. గడియారం ఖాళీ చేసేది ఆ అసలు అంకెనే.

ఏజీఎమ్‌కు ఛార్జింగ్ 14.4 నుంచి 14.8 వోల్టుల మధ్య, కరెంటు సామర్థ్యంలో పదోవంతు ఉంటే చాలు. పన్నెండుకు 1.2 ఆంపియర్లు. బండిని నిలిపే ముందు నిండుగా ఛార్జి చేసి రుణ తీగ విప్పండి. విప్పేటప్పుడు ఎప్పుడూ రుణమే ముందు, అప్పుడు పానా పొరపాటున ఫ్రేముకు తగిలినా నిప్పు రాలదు. లేదా 13.5 వోల్టుల దగ్గర పట్టి ఉంచే నిర్వహణ ఛార్జర్‌ను తగిలించి ఉంచండి.

ఆ పాఠకుడి బ్యాటరీకి ఒక అవకాశం ఉంది. అర ఆంపియరు కరెంటుతో, వోల్టేజి 14.8 దాటకుండా, ఒకటి రెండు రోజులు ఛార్జి చేయాలి. మిగిలిన తలుపు చిన్నదే కాబట్టి దానికి తగినంత నెమ్మదిగానే నెట్టాలి. డబ్బా వేడెక్కితే ఆపేయండి. తర్వాత ఛార్జర్ తీసి పన్నెండు గంటలు ముట్టుకోకుండా ఉంచండి. అప్పుడు 12.5 పైన నిలిచి, స్టార్టరు తిరిగేటప్పుడు 9.6 కంటే దిగకపోతే స్ఫటికాలు చాలావరకు కరిగినట్టే. అంతకంటే దిగితే కొత్తది తీసుకోవడమే. మీటరులో వచ్చిన రెండు అంకెలనూ నాకు రాసి పంపమని ఆయనకు చెప్పాను.