గడ్డ ఊపిరితిత్తిలో, వెతుకులాట కాలి సిరలో

కోవిడ్ రోజుల్లో డి-డైమర్ అనే రక్తపరీక్ష పేరు మన ఇళ్లల్లోకీ వచ్చేసింది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందేమోనన్న టెన్షన్ అప్పుడు ఎంతోమంది అనుభవించారు. అయితే ఆ పరీక్షతో అనుమానం పెరుగుతుంది, లేదా తగ్గుతుంది, అంతే. గడ్డ ఉందని తేల్చాలంటే సాధారణంగా సిరలోకి కాంట్రాస్ట్ మందు (రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా చేసేది) ఎక్కించి సీటీ తీయాలి. బీపీ పడిపోయి వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని సీటీ గది దాకా తీసుకెళ్లడమే ఒక గండం. ఎవరికి అత్యవసరమో వాళ్లకే ఆ పరీక్ష అందదు. నన్ను బాధపెట్టేది ఇదే.

19వ శతాబ్దం మధ్యలో బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో అనే వైద్యుడు శవపరీక్షలు చేస్తూ అసలు సంగతి కనిపెట్టాడు. ఊపిరితిత్తి ధమనిలో దొరికే గడ్డ చాలాసార్లు అక్కడ పుట్టింది కాదు. కాళ్ల సిరల్లో కట్టి, తెగి, రక్తంతో కొట్టుకొచ్చి ఇరుక్కున్నది. 1960లో బ్రిస్టల్‌లో బారిట్, జోర్డాన్ అనే వైద్యులు రక్తాన్ని పలుచన చేసే మందులు ప్రాణం నిలుపుతాయని చూపించారు. మందులు ఇవ్వని 19 మందిలో 5 మంది ఈ గడ్డలవల్లే చనిపోయారు. ఇచ్చిన 16 మందిలో గడ్డవల్ల ఒక్కరూ పోలేదు. అంటే, గుర్తించలేకపోతే ప్రాణానికే ముప్పు.

1964లో రేడియోధార్మిక కణాలతో ఊపిరితిత్తుల స్కాన్, 1992లో స్పైరల్ సీటీ వచ్చాయి. రెండూ గొప్పవే, రెండింటికీ రోగే కదిలి వెళ్లాలి.

ఊపిరితిత్తుల నిండా గాలే కాబట్టి అల్ట్రాసౌండ్ అక్కడ పనికిరాదని వైద్యులు చాలాకాలం పక్కనపెట్టారు. ఫ్రాన్స్‌లో ఐసీయూ వైద్యుడు డానియెల్ లిక్టెన్‌స్టీన్ ఆ మాట ఒప్పుకోలేదు. ఆయన తర్కం తేలికైనది: రోగి తీవ్రంగా ఆయాసపడుతున్నాడు, ఊపిరితిత్తి ముందుభాగం మాత్రం అల్ట్రాసౌండ్‌లో శుభ్రంగా ఉంది. అప్పుడు ప్రోబ్‌ను (ఒంటిమీద ఆనించే అల్ట్రాసౌండ్ పరికరాన్ని) కాలి మీదికి తేవాలి. మామూలు సిర ప్రోబ్‌తో నొక్కితే అణిగిపోతుంది. గడ్డ ఉన్న సిర అణగదు. విర్కో చూసిన దారినే బతికున్న మనిషిలో, మంచం పక్కనే నిలబడి వెతకడమన్నమాట. 260 మంది రోగులతో 2008లో ఆయన ప్రచురించిన అధ్యయనంలో, గడ్డ లేనివాళ్లలో 99 శాతం మందిని ఈ పద్ధతి సరిగ్గానే లేదంది. ఉన్నవాళ్లలో మాత్రం 81 శాతం మందినే పట్టింది. అంటే అయిదుగురిలో ఒకరు జారిపోతున్నారు. గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు మూడూ కలిపి చూస్తే 90 శాతం దాకా దొరుకుతాయని 2014లో 357 మందితో చేసిన మరో అధ్యయనం చెప్పింది.

ఈ అల్ట్రాసౌండ్ పద్ధతుల్లో ఊపిరితిత్తిలోని గడ్డను ఎక్కువగా పరోక్షంగానే ఊహిస్తాం. రక్తం ఎక్కడికి చేరడం లేదో చూపించే ప్రయత్నం ఇప్పుడు జరుగుతోంది. ఛాతీ చుట్టూ ఎలక్ట్రోడ్ల బెల్టు కట్టి, పెద్ద సిరలో ముందే ఉన్న లైన్ ద్వారా చిక్కటి ఉప్పునీరు ఎక్కిస్తారు. ఉప్పునీరు కరెంటును బాగా పోనిస్తుంది కాబట్టి, అది చేరిన చోటు తెరమీద తెలుస్తుంది, చేరని చోటు ఖాళీగా ఉండిపోతుంది. బీజింగ్ వైద్యులు 2020లో దీని ఫలితాలు ప్రచురించారు. రేడియేషన్ లేదు, మంచం కదలక్కర్లేదు. ఇంకా పెద్ద సంఖ్యలో రోగులమీద రుజువు కావాలి.

ఈలోగా యూరప్ హృద్రోగ నిపుణుల 2019 మార్గదర్శకాలు ఒక మేలు చేశాయి. గడ్డ అనుమానంతో ఉన్న రోగి బీపీ బాగా పడిపోయి షాక్‌లోకి వెళ్లి, సీటీ వెంటనే కుదరకపోతే, మంచం దగ్గరి ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) గుండె కుడివైపు ఉబ్బి అలసిపోయినట్టు కనిపించినా చాలు, గడ్డకు చికిత్స మొదలుపెట్టవచ్చన్నాయి. షాక్ లేని రోగి విషయం వేరు. ఎకో బాగుందన్న ఒక్క కారణంతో అతన్ని ఇంటికి పంపకూడదు, అనుమానం మిగిలితే సీటీ తీయాలి.